టప్పు, తప్పు

గడచిన అర్ధసంవత్సర పరీక్షలో ఏడవ తరగతి విద్యార్థులను "వర్షము" అను విషయమునుగూర్చి ఇరువది పంక్తులు వ్రాయుమని అడిగియుంటిమి. ఉత్తరపత్రముల కట్ట సగము తిరుగవేయునప్పటికే మాకు విసుగు జనించెను. వర్షము వలన పంటలు పండును, వర్షము లేనిచో కరవు సంభవించును, కావున వర్షము మిక్కిలి ఉపయోగకరమైనది. ఈ మూడు వాక్యములనే ఒకడు ముందుకును ఒకడు వెనుకకును త్రిప్పి వ్రాసియుండెను. ఇందరు బాలురలో ఒక్కడైనను ఒక్క వానలోనైనను తడిసినట్లు మాకు తోపలేదు. అంతలో ఒక పత్రము చేతికి వచ్చినది. అందు ఇట్లున్నది:

"మా ఇంటి పైకప్పు రేకులది. వాన వచ్చునప్పుడు ముందుగా టప్పు టప్పుమని రెండు మూడు చినుకులు పడును. అప్పుడు మా అమ్మ ఆరవేసిన బట్టలు తీయుటకు పరుగెత్తును. తరువాత దడదడమని పడును. అప్పుడు మేము ఒకరి మాట ఒకరికి వినబడక సైగలు చేసికొందుము. వాన వెలిసిన పిమ్మట చూరునుండి కారు నీళ్లు బక్కెటులో తొణక్కు తొణక్కుమని పడును. అది వినుచుండగా నాకు నిద్ర వచ్చును."

ఈ పత్రమును మాకంటె ముందు దిద్దినవారు "టప్పు టప్పు", "దడదడ", "తొణక్కు తొణక్కు" అను మూడు చోట్లను ఎర్రసిరాతో గీతలు గీచి, ప్రక్కన "గ్రామ్యము" అని వ్రాసి, మూడు మార్కులు తగ్గించియుండిరి. వారు మాకు మిత్రులు, వయసున పెద్దలు, తెలుగున మాకంటె ఎంతయో చదివినవారు. ఉపాధ్యాయుల గదిలో మేము ఈ సంగతి ఎత్తగా వారు కండ్లజోడు సవరించుకొని, "ఏమండీ, వ్యాసము వ్రాయుమంటిమిగాని కప్పల కచేరి పెట్టుమంటిమా?" అనిరి. "కప్పలు బెకబెకమనును గదా, పండితులవారూ! వీడు ఆ మాట వ్రాయనేలేదు" అని మేమంటిమి. అందరును నవ్విరి. మార్కుల సంగతి మాత్రము తేలలేదు. ఆనాటినుండి మా మనస్సున మెదలుచున్న మాటలను ఈ సంచికలో మా విద్యార్థుల ముందును వారి తలిదండ్రుల ముందును పెట్టుచున్నాము.

మా పక్షము మొదటనే చెప్పివేయుదుము. ఆ తరగతిలో ప్రశ్నకు సమాధానము వ్రాసినవాడు ఆ బాలుడొక్కడే. తక్కినవారు తాము చదివినదానిని వ్రాసిరి. వాడు తాను విన్నదానిని వ్రాసెను.

వాన ఒక్కటేయైనను ఇంటింటికిని దాని చప్పుడు వేరు. తాటాకు పాకపై పడిన వాన సరసరమను. పెంకుటింటిపై పడినది కొంత మెత్తగా, ఎవరో దూరమున చేట చెరుగుచున్నట్లు వినబడును. డాబా ఇంటిలో కిటికీ తలుపు తెరచినగాని వాన కురియుచున్నదను మాటయే తెలియదు. కావున డాబాలో పెరిగిన పిల్లవానికి వాన కంటితో చూచునట్టిది. రేకుల ఇంటి పిల్లవానికి చెవితో వినునట్టిది. పై పత్రమునందలి మూడు చప్పుళ్లను మరల చదివి చూడుడు. మొదటి చప్పుడునకు తల్లి పెరటిలోనికి పరుగెత్తుచున్నది. రెండవదానికి ఇంటివారి మాటలు ఆగిపోవుచున్నవి. మూడవదానికి బిడ్డ నిదురించుచున్నాడు. మూడు మాటలలో ఒక కుటుంబపు సాయంకాలమంతయు ఇమిడియున్నది. మృగశిర కార్తెలో రైతు అరుగుమీద పండుకొని, కన్ను తెరవకయే, ఇది దుక్కికి చాలు వానయో, దుమ్ము అణచి పోవు జల్లో చెప్పగలడు. అతని చెవికి ఆ చదువు ఎవరు చెప్పిరి? ఏటేట విని, ఉదయమున పొలమునకు పోయి, విన్నదానిని మట్టితో సరిచూచుకొని నేర్చుకొనెను.

ఇక "గ్రామ్యము" అను ఎర్రసిరా మాటను విచారింతము. ఇట్టి మాటలను మన పెద్దలు ధ్వన్యనుకరణములనిరి. అనగా చప్పుడును అనుకరించి పలుకు మాటలు. బ్రౌనుదొరగారు 1852లో వెలువరించిన తెలుగు నిఘంటువునందు ఇవి ఉన్నవి. బహుజనపల్లి సీతారామాచార్యులవారు గ్రామ్యపదములను ఏరి పారవేయుటలో ఎంతటి నిష్ఠగలవారో అందరెరుగుదురు. అట్టి వారి శబ్దరత్నాకరమునందును (1885) వీనికి చోటు దొరకినది. కవులు యుద్ధమును వర్ణింపవలసినను, నదిని వర్ణింపవలసినను వీనిని విడిచి అడుగు వేయలేదు. ఎమెనో అను అమెరికా భాషావేత్త 1969లో ఒక వ్యాసము ప్రకటించి, ఇట్టి జంటమాటలు ద్రావిడ భాషలయందే గాక ఆర్య భాషలయందును విరివిగా ఉన్నవనియు, ఈ దేశపు భాషలు వేర్వేరు కుటుంబములవయ్యును ఒకచోట కాపురముండి ఒకదాని గుణమును ఒకటి పుచ్చుకొనినవనుటకు ఇదియు ఒక సాక్ష్యమనియు నిరూపించెను. మన వంటయింటి మాటలు దేశ చరిత్రకు సాక్ష్యము చెప్పుచుండగా, పరీక్షాపత్రములో వానికి ప్రవేశము లేదనుట మాకు సమంజసముగా తోపదు.

వంటయింటి మాట వచ్చినది గనుక అచ్చట కొంచెము నిలుతము. ఎసరు సలసల మరగును. బియ్యము పడిన పిమ్మట కుతకుత ఉడుకును. పోపు చుర్రుమనును; అందు ఆవాలు చిటపటలాడును. పాలు బుస్సున పొంగును. ఇవి అలంకారములు కావు, పనిముట్లు. సావిడిలో కూర్చుండి వత్తులు చేసికొనుచున్న అవ్వ, ముఖము త్రిప్పకయే, "అమ్మాయీ, ఎసరు మరగినది, బియ్యము పోయి" అని కేకవేయును. అవ్వకు పొయ్యి కనబడదు. నేడు అనేక గృహములలో కుక్కరు కూతలు లెక్కపెట్టుకొనిన చాలును. ఆ సదుపాయమును మేము నిందింపము. దానివలన మా ఇంటను అన్నము వేళకు ఉడుకుచున్నది. కాని మూడు కూతలు లెక్కించుటకును, సలసలకు కుతకుతకు గల భేదమును పోల్చుటకును మధ్య చాల దూరమున్నది.

మన భాష ఇంకొక వింత చేసినది. చప్పుడు లేనివానికి సైతము చప్పుడు మాటలు కల్పించినది. వెన్నెలలో ఇసుక మిలమిలలాడును, తోమిన చెంబు తళతళ మెరయును, కూర ఘుమఘుమలాడును, ఆకలి నకనకలాడును, చలికి గజగజ వణకుదుము. కంటికిని, ముక్కునకును, కడుపునకును, చర్మమునకును మన పూర్వులు చెవిని అప్పిచ్చిరి. కడకు నిశ్శబ్దమును కొలుచుటకును చప్పుడునే కొలబద్దగా తీసికొని, చీమ చిటుక్కుమన్నను వినబడునంత నిశ్శబ్దమనిరి. చీమ చిటుక్కుమనగా విన్నవారెవ్వరును లేరు. అయినను ఆ మాట చెప్పగానే తరగతి గది ఎంత సద్దుమణగినదో మనకు తెలియును.

అట్లని మన మాటలే ప్రకృతిలోని అసలు చప్పుళ్లని భ్రమపడరాదు. కోడి మనకు కొక్కొరోకో అని కూయును. అదే కోడి ఇంగ్లీషువారికి కాకడూడిల్డూ అనియు, ఫ్రెంచివారికి కోకోరికో అనియు, జర్మనులకు కికెరికీ అనియు, జపానువారికి కొకెకొక్కో అనియు కూయును. కుక్క మనయింట భౌభౌమనును. జపానులో వన్ వన్ అనును. కోడికి భాషాభేదము లేదు, భేదము చెవిదే. ప్రతి జాతివారును తమ చేతనున్న అక్షరముల అచ్చులోనే ఆ చప్పుడును పోసికొనిరి. అచ్చు వేరైనప్పుడు బొమ్మయు వేరగును.

ఈ అచ్చు ఎప్పుడు పోతపోయబడునో తెలిసికొనినవారు కలరు. 1984లో కెనడా దేశమున వెర్కర్, టీస్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు ఇంగ్లీషు మాటలాడు ఇండ్లలోని పసిపాపలకు హిందీలోని త, ట అను రెండు ధ్వనులను వినిపించిరి. ఆరు మొదలు ఎనిమిది నెలల పాపలలో చాలమంది ఆ రెంటి భేదమును గుర్తించిరి. పది మొదలు పండ్రెండు నెలలు వచ్చునప్పటికి గుర్తింపగలవారు కొలదిమందియే. పెద్దవారికైతే అది ఇంకను కష్టము. అనగా, బిడ్డ మొదటి పుట్టినరోజు పండుగ జరుపుకొనులోపలనే ఇంటివారి మాట వానికి చెవిని తీర్చి దిద్దివేయుచున్నది. ఆ ఇంట అక్కరకురాని భేదములను చెవి తనంతట మూసివేయుచున్నది.

ఇది చదివినప్పుడు మాకు మా పెద్దలు చెప్పెడి ఒక కథ జ్ఞప్తికి వచ్చెను. వెనుకటి కాలమున ఒక మిషను పాఠశాలలో సముద్రము దాటి వచ్చిన దొరసానమ్మగారొకరు క్రింది తరగతులకు పాఠములు చెప్పెడివారట. తెలుగు ఎంతో శ్రద్ధతో నేర్చినవారే. కాని పలక దిద్దునప్పుడు "ఇది తప్పు" అనబోయి "ఇది టప్పు" అనెడివారు. పిల్లలు పలకల చాటున నవ్వుకొనెడివారు. ఆమెకు తన నోటిలోని తేడా తెలియకపోవుటకు కారణము, చెవిలోనే ఆ తేడా లేకపోవుటయని నేడు మనకు తెలియుచున్నది. పాపము, టప్పునకును తప్పునకును గల భేదము వినబడనందుకు ఆమెను నవ్విరి. ఆ భేదము చక్కగా విని టప్పుమని వ్రాసిన మా విద్యార్థికేమో అదియే తప్పయినది!

మనము మాత్రము తక్కువ తినలేదు. పశ్చిమదిక్కునకు ఇంగ్లీషులో ఉన్న పేరును, లోపల తొడుగుకొను బనియనునకు వారు పెట్టిన పేరును మన చెవికి ఒక్కటే "వెస్టు". ద్రాక్షతీగయు ద్రాక్షసారాయియు ఒక్కటే "వైను". పెదవులు గుండ్రముగా చుట్టి పలుకుట ఒకటి, పై పండ్లను క్రింది పెదవికి తాకించి పలుకుట మరియొకటి అని మా ఇంగ్లీషు మాస్టరుగారు ఎన్ని పర్యాయములు అద్దము చూపి చెప్పినను, మా తరగతి వారికి అది పాఠముగా తెలిసినదే గాని చప్పుడుగా వినబడలేదు. కావున ఒకరి చెవిని ఒకరు పరిహసింపనక్కరలేదు.

పుట్టుకతో వచ్చిన చెవి ఒకటి. అలవాటుచే ఏర్పడిన చెవి మరియొకటి. రెండవదానిని పెంచుటయు ముద్దబార్చుటయు మన చేతిలోనివే. సంతలో కుండ కొను స్త్రీని చూడుడు. ఆమె కుండను ఎడమచేత ఎత్తి, కుడిచేతి వ్రేలి కణుపుతో తట్టును. ఖంగుమన్న కొనును, మొద్దుగా పలికిన క్రింద పెట్టివేయును. కంటికి కానరాని బీటను చెవితో కనిపెట్టుచున్నది. ఈ విద్యయే ఐరోపాఖండమున వైద్యశాస్త్రముగా మారినది. ఆస్ట్రియా దేశపు వైద్యుడు ఔయెన్‌బ్రుగ్గర్ ఒక సత్రము యజమాని కుమారుడు. పీపాలో సారాయి ఎంతవరకు ఉన్నదో తండ్రి తట్టి తెలిసికొనుట చిన్ననాడు చూచినవాడని చెప్పుదురు. పెద్దవాడై, రోగి రొమ్మును వ్రేళ్లతో తట్టి, లోపల నీరు చేరినదో లేదో ఆ ధ్వనిని బట్టి నిర్ణయించు పద్ధతిని 1761లో గ్రంథముగా ప్రకటించెను. 1816లో పారిసునగరమున లెన్నెక్ అను వైద్యుడు కాగితమును గొట్టముగా చుట్టి రోగి గుండెపై ఆనించి వినెను. నేటి వైద్యుల మెడలో వ్రేలాడు స్టెతస్కోపునకు అదియే మూలము. వాని విద్యార్థులకు ముందు నేర్పవలసి వచ్చినది మందులు కాదు, వినుట. విన్న చప్పుళ్లకు పేర్లు పెట్టినగాని ఒకరు విన్నది మరియొకరికి తెలుపుట సాధ్యము కాలేదు. పేరు లేని చప్పుడు విన్నను విననట్లే జారిపోవును.

వైద్యుల మాట వచ్చినది గనుక, మా వలన జరిగిన ఒక పొరపాటును ఇచ్చట ఒప్పుకొనవలసియున్నది. ఇది వ్రాయుటకు మాకు సులభముగా లేదు. కొన్ని యేండ్ల క్రిందట మా తరగతిలో ఒక బాలుడుండెను. పిలిచిన పలుకడు. చెప్పిన లెక్క ఒకటి, వాడు చేసిన లెక్క మరియొకటి. రెండవ బల్లనుండి వెనుక బల్లకు పంపితిమి. తండ్రిని పిలిపించి, "మీవాడు మాట వినడండీ" అని చెప్పితిమి. తండ్రి ఇంటికి పోయి ఏమి చేసెనో మేము అడుగలేదు. ఆరు మాసములు గడచిన పిమ్మట ఒకనాడు వాని మేనమామ వానిని పట్టణపు వైద్యునివద్దకు తీసికొనిపోగా, రెండు చెవులలోను చాలకాలమునుండి చీము పట్టియున్నదనియు, వినికిడి బాగుగా తగ్గినదనియు తెలిసెను.

మన భాషలో "వినుట" అనగా చెవికి సోకుటయు, చెప్పినట్లు నడచుకొనుటయు. మాట వినడు అనగానే అవిధేయుడని అర్థము. ఆ ఒక్క మాటలోని రెండర్థములలో మేము రెండవదానిని పట్టుకొంటిమి. మొదటిదాని ఊసే తలచలేదు. వెనుక బల్లకు పంపితిమనగా, వాని చెవికి అందుచున్న కొలది చప్పుడును మేమే దూరము చేసితిమన్నమాట. పిమ్మట వైద్యము జరిగి వాడు కొంత కోలుకొనెను. మొదటి బల్లకు వచ్చెను. ఆ యేడు లెక్కలలో ఉత్తీర్ణుడయ్యెను. మామీద కోపము చూపలేదు. తలిదండ్రులారా, మీ బిడ్డ మాట విననప్పుడు, కోపించుటకు ముందు వాని వెనుక నిలిచి మెల్లగా పేరు పెట్టి పిలిచి చూడుడు. పడిసెము పట్టినప్పుడెల్ల చెవిపోటనుచున్నాడా, చెవి కారుచున్నదా కనుగొనుడు. చెవిలో కాచిన నూనె పోసి ఊరకుండకుడు, వైద్యునికి చూపుడు.

పేరు పెట్టి పిలుచుట యనగా జ్ఞప్తికి వచ్చినది. చెరియను ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు 1953లో కొందరికి ఒక చెవిలో ఒక మాట, రెండవ చెవిలో వేరొక మాట ఏకకాలమున వినిపించి, ఒకదానినే అనుసరించి పలుకుమనెను. వారు దానిని పలికిరి. రెండవ చెవిలో ఏమి జరిగినదో దాదాపు ఏమియు చెప్పజాలకపోయిరి. కాని 1959లో మోరే అనునాతడు ఆ రెండవ చెవిలో వారి వారి పేర్లను ఉచ్చరింపగా కొందరు ఠక్కున గుర్తించిరి. ఇందుకు ప్రయోగశాలయే కావలెనా? పెండ్లి మేళమునకు మెలకువ రాని తల్లి, ప్రక్కలోని బిడ్డ కుయ్యిమన్న లేచి కూర్చుండును. పాఠము జరుగుచుండగా రాతిబొమ్మవలె కూర్చున్న బాలుడు, మూడవ ఆవరణలో ఎవరో బంతి తన్నిన చప్పుడునకు తల త్రిప్పును. చెవికి మూత లేదు, మనస్సునకున్నది.

ఈ మూత వలననే మనకొక పెద్ద చిక్కు కలుగుచున్నది. తన చప్పుడు తనకు సంగీతము; ఎదుటివాని చప్పుడు రభస. పరీక్షల మాసములో ఊరిలో లౌడుస్పీకర్ల మోత ఎక్కువైనదని మేము గత సంవత్సరము పెద్దలకు అర్జీ పెట్టుకొంటిమి. 2000 సంవత్సరమున భారత ప్రభుత్వము చేసిన నిబంధనల ప్రకారము రాత్రి 10 గంటలు మొదలు ఉదయము 6 గంటల వరకు బయట లౌడుస్పీకరు మ్రోగింపరాదు. ఏటికి పదునైదు దినములకు మించకుండ పండుగలకు అర్ధరాత్రి వరకు సడలింపు ఇచ్చుటకు రాష్ట్ర ప్రభుత్వములకు అధికారము కలదు. నివాస స్థలములలో పగలు 55 డెసిబెలులు, రాత్రి 45 డెసిబెలులు హద్దు. ఇవన్నియు మేము అర్జీలో చక్కగా ఉదహరించితిమి. అర్జీ చదివిన పెద్దమనిషి ఒకరు నవ్వి, "అయ్యా, మీ ఆటలపోటీలనాడు మైకులో పేర్లు చదువుచుండగా మా ఇంట మూడు నెలల పసిబిడ్డ నిదురపోలేదు, ఎరుగుదురా?" అనిరి. మేము ఎరుగము. ఆనాడు మాకది ఉత్సాహజనకమైన ధ్వనిగా వినబడినది. మరుసటి పోటీలకు కొమ్ములను మైదానమువైపు త్రిప్పి, మ్రోత తగ్గించితిమి. దౌడుపందెములు ఏమాత్రమును చెడలేదు.

మ్రోత వలన నష్టము నిద్రకే కాదు. మన లోపలి చెవియందు నత్తగుల్లవంటి భాగమొకటి కలదు. అందు సన్నని రోమములుగల కణములు, ఒక్కొక్క చెవికి సుమారు 15 వేలు, పుట్టినప్పటినుండి ఉన్నవి. పెనుమ్రోతకు చచ్చిన కణము మనుష్యులకు మరల మొలవదు. విచిత్రమేమనగా, కోడిపిల్లలకు మొలచునని 1980వ దశకపు చివర కనిపెట్టిరి. కొక్కొరోకో అనువానికి దేవుడిచ్చిన సదుపాయము దానిని విను మనకు లేదు. మా పై తరగతుల బాలురు బస్సు దిగుచునే చెవులలో ఇయర్‌ఫోనులు దోపుకొని, ప్రక్కవానికి కూడ వినబడునంత పాట పెట్టుకొనుచున్నారు. ప్రక్కవానికి వినబడుచున్నదనగా, లోపలి కణములు ఏ పాటు పడుచున్నవో వారే యోచింతురు గాక.

పోయిన చప్పుళ్లను గూర్చియు ఒక మాట. రైలుపట్టాలను ఒకప్పుడు సుమారు 13 మీటర్ల ముక్కలుగా పరచి, ఎండకు సాగుటకై అతుకుల నడుమ సందు విడిచెడివారు. చక్రము ఆ సందు దాటినప్పుడెల్ల టకటక్కుమనెడిది. మా లెక్కల మాస్టరుగారు మమ్ము విహారయాత్రకు తీసికొనిపోవుచు గడియారము చేతబట్టి, "47 సెకండ్లలో ఎన్ని అతుకులు వినబడునో లెక్కించుడు, గంటకు అన్ని కిలోమీటర్లే మన వేగము" అనిరి. చదువరులు కాగితము తీసికొని గుణించి చూచుకొనవచ్చును. ఇప్పుడు ముఖ్యమైన దారులలో పట్టాలను అతికి పొడవుగా చేయుటచే ఆ చప్పుడు చాలవరకు పోయినది. ప్రయాణము సుఖమైనది, సందేహము లేదు. కాని చిన్నపిల్లలు రైలాట ఆడునప్పుడు ఇంకను చుకుచుకుమనుచునే ఉన్నారు. ఆవిరియంత్రమును వారు చూడలేదు. వారి తండ్రులలో అనేకులు చూడలేదు. చప్పుడు పోయినను మాట నిలిచినది. ఆ మాటను కూడ ఎర్రసిరాతో కొట్టివేసినచో, అట్టి యంత్రమొకటి ఊపిరి తీయుచు ఈ ఊరిమీదుగా పోయెడిదని బిడ్డలకు తెలుపునది ఏది?

మా మిత్రులగు పండితులవారికి న్యాయము చేయవలెను గనుక వారి ఆక్షేపణను కూడ వ్రాయుచున్నాము. ఇట్టి మాటలకు దారి విడిచినచో బాలురు వాక్యము కట్టుట మాని, కథ నంతటిని ఢాం, ఢీం, ధనాధన్ అని నింపివేయుదురని వారి భయము. ఆ భయము నిరాధారము కాదు. పై సంచికకు వచ్చిన సాహసకథలలో ఒకదానియందు పండ్రెండు ఢాములను మేమే లెక్కించితిమి. కాని ఆ పండ్రెండింటిలో ఒక్కటియు విన్నది కాదు; సినిమాలనుండి తెచ్చుకొన్నవి. విని వ్రాసిన టప్పునకును, వినక వ్రాసిన ఢామునకును తేడా గురువునకు తెలియకపోదు. తెలియనిచో అది బాలుని లోపము కాదు. ఈ మాట మేము ఉపాధ్యాయుల గదిలో అనినప్పుడు వారు కొంతసేపు ఊరకుండి, "తొణక్కు బాగున్నదిలెండి, బక్కెటు సగము నిండిన పిమ్మటగాని ఆ చప్పుడు రాదు" అనిరి. తాము బాల్యమున తాటాకు ఇంట పెరిగినవారమనియు, కారుచున్న చోటెల్ల తల్లి గిన్నెలు పెట్టెడిదనియు, గిన్నెకొక స్వరముండెడిదనియు చెప్పిరి. అంత చెప్పియు మూడు మార్కులలో రెంటినే తిరిగి ఇచ్చిరి. దడదడ మీది గీత ఇంకను అట్లే ఉన్నది. ఆ మాట అందరును వాడునదే, బాలుడు స్వయముగా వినినది కాదని వారి వాదము. దీనిపై మాకును వారికిని ఇంకను తగవు నడుచుచున్నది.

వచ్చు సంచికకు మా విద్యార్థులలో ఆసక్తిగలవారు ఒక్కొక్క పుట వ్రాసి పంపవలెనని కోరుచున్నాము. దీపములు పెట్టినది మొదలు నిద్రపట్టువరకు మీ ఇంట వినబడిన చప్పుళ్లను వరుసగా, విన్నవి విన్నట్లు, ఏ చప్పుడునకు ఇంటివారిలో ఎవరేమి చేసిరో ఆ వివరముతో వ్రాయుడు. అన్నలును అక్కలును సాయము చేయరాదు. కాగితమునకు ఒకవైపున మాత్రమే వ్రాసి, తరగతి పేరు పైన వేసి, జనవరి నెలాఖరులోపల తెలుగు పండితులవారి చేతికి ఈయవలెను. వారు వానిని చదువుటకు అంగీకరించిరి. ఎర్రసిరా కలమును మాత్రము మాకు అప్పగించిరి.